లెక్కపెట్టకుండా అందుకున్న తాళాలు

మొన్న మా అమ్మాయి బరువు చూసుకునే యంత్రం ఒకటి తెప్పించింది. అద్దంలా నున్నగా ఉంటుంది. దాని మీద నేను నిలబడితే అంకె నాకు చూపించదు, మా అమ్మాయి ఫోనుకు పంపిస్తుంది. నా బరువు గురించి నా వెనకాల మాట్లాడుకునే వస్తువు ఇంట్లో ఉండడం నాకు నచ్చలేదు, ఆ మాటే అన్నాను. అయినా ఎక్కాను. ఎక్కగానే నోట్లోంచి ఓ మాట దానంతటదే వచ్చింది: "మంచమేనా కాకా, పరుపు కూడా ఉందా?" మా అమ్మాయి కంగారుగా నా మొహంలోకి చూసింది. ఈ వయసులో ఇలాంటి మాటంటే పిల్లల ఆలోచన నేరుగా దవాఖానకే పోతుంది. అందుకని దాన్ని కూర్చోబెట్టి సంగతంతా చెప్పాల్సి వచ్చింది. అదే ఇక్కడ ఇంకాస్త సాగదీసి రాస్తున్నాను, ఎందుకంటే నేను చెబుతుంటే అది మధ్యమధ్యలో ఫోను చూసుకుంది.

నేను పనిచేసిన ఆఫీసు నానక్‌రామ్‌గూడ అవతల, గాజు భవనాల మధ్య ఎలాగో మిగిలిపోయిన రేకుల షెడ్లలో ఉండేది. జిల్లాల్లోని హాస్టళ్లకు, ఆసుపత్రులకు, బడులకు ప్రభుత్వం పంపే మంచాలు, పరుపులు, దుప్పట్లు, బకెట్లు, పుస్తకాలు మా దగ్గరికి వచ్చి, మా దగ్గర నుంచి లారీలెక్కి వెళ్లేవి. ఏ లారీ ఏ జిల్లాకు పోవాలో కాగితం రాసి పంపే సెక్షన్ నాది. పొద్దున్నే హఫీజ్‌పేటలో లోకల్ రైలెక్కి, దిగి, షేర్ ఆటోలో మెడకు కంపెనీ కార్డుల పట్టీలు వేలాడేసుకున్న పిల్లల మధ్య ఇరుక్కుని వెళ్లేదాన్ని. "ఆంటీ, మీది ఏ కంపెనీ?" అని వాళ్లడిగితే "సర్కారు కంపెనీ" అనేదాన్ని. వాళ్ల భవనాల కిటికీల్లోంచి చూస్తే మేము బేళ్లు దింపించడం, ఎక్కించడం అంతా కనిపించేదట. మా పని వాళ్లకు అలా తెలిసిపోయింది గాని, వాళ్ల పనేమిటో మాకు చివరిదాకా అంతుపట్టలేదు.

షెడ్ల ముందు సామాన్లు తూచే పెద్ద కాంటా ఒకటి ఉండేది. ఆయుధపూజ నాడు దానికి పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండ వేసి, గుమ్మడికాయ కొట్టాక స్టాఫంతా ఒక్కొక్కరుగా దాని మీద నిలబడాలి. ఈ ఆచారం ఎవరు మొదలుపెట్టారో గాని నేను చేరేనాటికే ఉంది. కాంటా చూసే పెద్దాయనను అందరం కాక అనేవాళ్లం. మనుషుల బరువు కిలోల్లో చెప్పడం మర్యాద కాదని కాక నమ్మకం. అందుకని మా గోదాములోని సామాన్లతో చెప్పేవాడు. "పెద్దసారు, దవాఖాన మంచం, మీద ఒక బకెట్." అందరూ ఘొల్లున నవ్వేవాళ్లు, పెద్దసారు కూడా నవ్వక తప్పేది కాదు. నేను చేరిన ఏడు "పుస్తకాల కట్ట, అంతే" అన్నాడు. రిటైరయ్యేనాటికి మంచం దాకా ఎదిగాను. ఉద్యోగంలో నాకు అడక్కుండా వచ్చిన ప్రమోషన్ అదొక్కటే. ఎవరికి మనవడు పుట్టాడు, ఎవరికి బదిలీ అయింది, ఎవరు ఫ్లాటు కొని నోరెత్తకుండా ఉన్నారు, ఈ కబుర్లన్నీ ఆ రోజు ఆ కాంటా చుట్టూ పులిహోర తింటూనే తెలిసేవి.

మా స్టోర్‌కీపరును అందరం స్టోరక్క అని పిలిచేవాళ్లం. కోస్తా నుంచి వచ్చిన మనిషి, పెళ్లి చేసుకోలేదు, తమ్ముడి కుటుంబం తెనాలి వైపు ఉండేది. ఆదివారం చర్చిలో పాడే గొంతుతోనే సోమవారం హమాలీల మీద కేకలేసేది. పూజ జరుగుతున్నంతసేపు కాస్త ఎడంగా నిలబడి, పులిహోర దగ్గరికి మాత్రం అందరికంటే ముందు వచ్చేది. కాక ప్రతి ఏడూ ఆమెను చూసి "దవాఖాన మంచం, పైన పరుపు" అనేవాడు. "దిండు మరిచిపోయావు బాబాయ్" అని ఆమే అందించేది. నేను చేరిన కొత్తలో ఒక లారీని తప్పు జిల్లాకు పంపిస్తే, పెద్దసారు దాకా పోకుండా డ్రైవరుకు ఫోను చేసి వెనక్కి తిప్పించిందీ, ఆ తర్వాత నన్ను గంటసేపు తిట్టిందీ ఆమే. ఎండు రొయ్యలు వేసిన గోంగూర తెచ్చి, అందులో సగం నా గిన్నెలో వేస్తూ తిట్టేది. అందుకని ఆ తిట్లు నాకు బాగానే జ్ఞాపకమున్నాయి.

ఒక ఏడు ఆమె కాంటా ఎక్కేటప్పుడు కాస్త తడబడినట్టు అనిపించింది. చీర మామూలు కంటే గట్టిగా, నిండుగా చుట్టుకుంది. కాక అంకె కేసి చూసి, ఒక్క క్షణం ఆగి, "దవాఖాన మంచం, పైన పరుపు" అన్నాడు. ఆమె దిండు సంగతి ఎత్తకుండా దిగిపోయింది. మేమంతా చప్పట్లు కొట్టాం. తర్వాత అందరూ విస్తళ్ల దగ్గరికి వెళ్లాక కాక నన్ను పక్కకు పిలిచాడు.

"బిడ్డా, మంచమే ఉన్నది. పరుపు లేదు. గా మంచం గూడ పాత ఇనుప బాట్లు నడుముకు కట్టుకుంటే వచ్చింది. ఎక్కేటప్పుడు ఖణ్‌మన్నయి, నా చెవులకు ఇనవడ్డది."

"మరి పరుపు ఉన్నదని చెప్తివి గద కాకా?"

"అందరి ముంగట ఆమె ఇజ్జత్ దీయాల్నా? ఆడిదానివి, నువ్వు వొయ్యి అడుగు. నాకు రంది పట్టుకున్నది."

వెళ్లాను. గోదాములో, దుప్పట్ల బేళ్ల వెనక కూర్చుని ఆమె నడుముకున్న గుడ్డసంచి విప్పుకుంటోంది. కొత్త కాంటా వచ్చాక మూలకు చేరిన తూకపురాళ్లు అవి, వాటికీ ఆమే కాపలా. నన్ను చూసి దాచబోయి, దాచడానికి ఓపిక లేక వదిలేసింది. కడుపులో గడ్డ ఉందన్నారట. ఆపరేషన్ చేయాలి, ఆలస్యం చేస్తే తర్వాత చేసేదేమీ ఉండదని డాక్టరమ్మ తేల్చి చెప్పిందట. ఆ మాట చెప్పి చాలా రోజులైందట.

నాకు కోపం వచ్చింది. ఏడుపు వచ్చే ముందు నాకెప్పుడూ కోపమే వస్తుంది. "మరి ఇంకా ఈడ ఏం జేస్తున్నవ్ అక్కా?" అన్నాను.

"ఛార్జి ఎవరికివ్వను అమ్మాయ్? నువ్వే చెప్పు. మూడు షెడ్లు లెక్కపెట్టి అప్పగించేసరికి నేనుంటానో లేదో. ఇలా చిక్కిపోయానని తెలిస్తే మీరంతా జాలిగా చూస్తారు. అది నేను పడలేను."

ఇక్కడ ఛార్జి సంగతి చెప్పకపోతే చదివేవాళ్లకు మా అక్క మూర్ఖురాలనిపిస్తుంది. గోదాములో ఉన్న ప్రతి వస్తువుకూ ఒక మనిషి జవాబుదారీ. ఆ మనిషి పొడుగు సెలవు పెట్టాలంటే తన బాధ్యత ఇంకొకరికి అప్పగించాలి. ఇద్దరూ కలిసి ప్రతి మంచం, ప్రతి దుప్పటి, ప్రతి బకెట్ లెక్కపెట్టుకున్నాకే సంతకాలు. ఆ తర్వాత ఏది తగ్గినా తీసుకున్నవాడి మెడకే చుట్టుకుంటుంది. అందుకే స్టోరు ఛార్జి అనే మాట వినిపిస్తే మా ఆఫీసులో మనుషులు కనిపించేవాళ్లు కాదు. లెక్కకే నెలలు పడతాయి. పెద్దసారుకు వెళ్లి చెబితే పాపం ఆయనా బాధపడ్డాడు. ఎవరో ఒకరు తీసుకుంటే ఆ నిమిషమే పంపిస్తాను గాని, గోదామును దిక్కు లేకుండా వదిలేసి ఆమెకు సెలవెలా ఇవ్వనన్నాడు. నన్ను తీసుకోమనడానికి వీల్లేదు, లారీలు పంపే సెక్షన్‌లో ఉన్నవాళ్లు స్టోరు చూడకూడదని రూలు. మిగిలిన వాళ్లను ఒక్కొక్కరినే అడిగాం. ఒకరు నీళ్లు నమిలారు, ఒకరు ఇంట్లో అడిగి చెబుతానన్నారు. వాళ్లను తప్పుపట్టను, అందరికీ పిల్లలున్నారు.

అడగకుండా వదిలేసింది మా బావను ఒక్కణ్ణే. బావంటే సొంత బావ కాదు, గోపన్‌పల్లి మా అమ్మమ్మగారి ఊరు, అక్కడి వరుస. సర్వీసంతా స్టోరు ఛార్జి తప్పించుకుంటూ వచ్చిన మనిషి. ఒకసారి నడుం నొప్పి అన్నాడు, ఒకసారి దుమ్ము పడదన్నాడు, మామగారు పోయారని ఒకే మామగారిని రెండుసార్లు చంపాడు. మేము ఏడిపించేవాళ్లం గాని, అతని భయం వెనక ఒక సంగతి ఉంది. వాళ్ల నాన్న ఏదో కాగితం మీద చదవకుండా వేలిముద్ర వేస్తే ఉన్న చేనంతా చేజారింది. మా షెడ్డు గుమ్మంలో నిలబడి ఎదురుగా ఉన్న గాజు భవనం చూపించి, "మా జొన్నచేను గా లిఫ్టు ఉన్నకాడ ఉండె" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. కొరియర్ పిల్లాడు పార్శిల్ తెచ్చి సంతకం అడిగినా, అటూ ఇటూ తిప్పి చదివి గాని పెట్టేవాడు కాదు.

ఆ బావ మర్నాడు పొద్దున పెద్దసారు గదిలోకి వచ్చాడు. స్టోరక్కా నేనూ అక్కడే ఉన్నాం. చేతులు రుమాలుతో తుడుచుకుని, "ఏడ వెట్టాలె?" అన్నాడు. మాకెవరికీ వెంటనే అర్థం కాలేదు. పెద్దసారు కాగితం జరిపి, "లెక్క చూసుకోవా?" అని అడిగాడు.

"అక్క ఇస్తుంటే నేను ఎంచేదేముంది సార్" అని సంతకం పెట్టేశాడు. చదవలేదు. తాళాల గుత్తి అందుకుని ఆమెతో, "నువ్వు వొయ్యిరా అక్కా, ఇగ ఫికర్ వెట్టుకోకు" అన్నాడు. ఆమె కొంగుతో నోరు మూసుకుంది. బయటికి వచ్చాక బావ ఒక బాటిల్ నీళ్లు గటగటా తాగాడు. "మా ఇంట్ల మాత్రం చెప్పకు, ఇయ్యాల అన్నం వెట్టరు" అన్నాడు నాతో. అతన్ని అన్నేళ్లు ఏడిపించానే అని ఆ క్షణంలో నాకు ప్రాణం ఉసూరుమంది.

ఆపరేషన్ అయింది. వంతులు వేసుకుని ఆసుపత్రిలో పడుకున్నాం. గడ్డ పూర్తిగా తీసేశామనీ, బతుకుతుందనీ డాక్టరమ్మ చెప్పిన రోజు కాక కాంటా దగ్గర కొబ్బరికాయ కొట్టాడు. అయితే ఇక దుమ్ములో పని పనికిరాదనీ, బరువులు ముట్టుకోకూడదనీ అన్నారు. అందుకని స్టోరక్క స్వచ్ఛందంగా రిటైరై తమ్ముడి దగ్గరికి వెళ్లిపోవాలని నిశ్చయించుకుంది. కాస్త కోలుకోగానే ఆఫీసుకు వచ్చి, వెళ్లేలోపు గోదామంతా లెక్కపెట్టాలంది. బావ చిన్నబుచ్చుకున్నాడు. "నేను ఎంచకుండ తీస్కుంటి, ఇప్పుడు ఎంచుడేంది అక్కా?" అన్నాడు. ఆమె వినలేదు. కుర్చీ వేయించుకుని కూర్చుంది, బావ ఒక్కొక్కటే తీసి చూపించడం, ఆమె లెక్కపెట్టడం.

మొదటి వారంలోనే దుప్పట్ల బేళ్ల దగ్గరికి వచ్చారు. హాస్టళ్లకు పోయే దుప్పట్లు, అన్నీ ఒకే బూడిదరంగు. తీసుకుంటూ పోతుంటే వాటి నడుమ నుంచి ఎర్రటి గులాబీపూల దుప్పట్లు బయటపడ్డాయి, చలికాలం రోడ్డు పక్కన తాడు మీద ఆరేసి అమ్ముతారే, అవి. స్టోరక్క వాటిని ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటే మడత విప్పి చూసింది.

"ఇక్కడ తక్కువ రావాలండి" అంది. "జ్వరంతో ఒళ్లు తెలియక ఏదో హాస్టలుకు ఎక్కువ ఇచ్చేశాను. ఆ తప్పు మీ మీద పడకుండా, నాదేనని రాసిచ్చి వెళదామనే ఈ లెక్క మొదలుపెట్టాను. ఇవెక్కడివండి?"

ఎప్పుడు ఒంటరిగా ఎంచుకున్నాడో గాని, బావ పైకప్పు రేకుల కేసి చూస్తూ, "గవి ముందునుంచి గీడనే ఉన్నయి" అన్నాడు. "సర్కారు గూడ ఒక్కోసారి పువ్వులేస్తది అక్కా."

ఆమె నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నేను ఊరికే ఏడ్చాను. ఆ తర్వాత ఆమె రాసివ్వాల్సింది రాసిచ్చింది, గులాబీలు మాత్రం తనతో తీసుకెళ్లింది. ఇప్పటికీ ఫోను చేస్తే, చలిగా ఉందా అని అడిగితే, ప్రభుత్వం చల్లగా చూస్తోందమ్మాయ్ అంటుంది.

అయితే ఆ లెక్క అంత త్వరగా తెమల్లేదు. అది పూర్తయిన రోజున ఆమె తెనాలి రైలెక్కుతుందని మాకందరికీ తెలుసు. బకెట్ల దగ్గర బావ మధ్యలో తప్పాడు, మళ్లీ మొదటి నుంచి. మంచాల దగ్గర నేను పోయి పలకరించి తప్పించాను. కాక ఏదో అడగడానికి వచ్చినట్టు వచ్చి, నిలబడి, మొత్తం కలిపేసి పోయాడు. "మీకెవరికీ లెక్కలు రావండి" అని ఆమె కసిరేది గాని, తనే మళ్లీ ఒకటి దగ్గర్నుంచి అందుకునేది. పెద్దసారు ఇంకా కాలేదా అని ఒక్కసారి కూడా అడగలేదు. కాలాన్ని ఆపడం మా చేతుల్లో లేదు. లెక్క తప్పడం ఉంది, చేతనైనన్ని రోజులు తప్పాం.