నలభై వేల ముక్కు

నా ముక్కు మీద కాన్సర్ కోసిన రోజున అయిదుగురు డాక్టర్లు నన్ను చుట్టుముట్టారు. మత్తు వద్దన్నాను. కత్తి ముక్కులోకి దిగుతుంటే కళ్ళు తెరుచుకుని చూశాను.

సరే, అయిదుగురు కాదు, ఒక్కడే. మీసాలు కూడా సరిగా రాని కుర్ర డాక్టరు. మత్తు సూది పొడవగానే "అమ్మా" అని నేను పెట్టిన కేకకి పక్క గదిలో నర్సమ్మ నవ్వడం వినిపించింది. గంట కూడా పట్టలేదు. నాలుగు కుట్లు వేసి, కోసిన ముక్కని పరీక్షకి పంపారు. జబ్బంతా తీసేశాం, ఇక ఎండలో టోపీ పెట్టుకోండి అన్నారు. పోర్టులో క్రేను నడిపే పర్మనెంటు ఉద్యోగిని కాబట్టి మా ఉద్యోగుల ఆసుపత్రిలో నాకు పైసా ఖర్చు కాలేదు. తొంభైల నడిమి మాట ఇది.

ఆ పైసా కాకపోవడమే నాకు నామోషీ అయిపోయింది. మల్కాపురంలో మా వీధిలో ఎవరికి ఆపరేషనయినా జనం బ్రెడ్డు పొట్లం పట్టుకుని చూడటానికి వస్తారు. ఎలా ఉందని ఒకసారి అడుగుతారు, ఎంతయిందని రెండుసార్లు అడుగుతారు. ఎంత ఖర్చయితే అంత జబ్బు. కడుపులో పేగు తీయించుకుని పన్నెండు వేలు పోసినవాణ్ణి గురించి వీధి చివరిదాకా చెప్పుకున్నారు. నాకేమో కాన్సర్. ఊరికే అయిపోయిందంటే సెగ్గడ్డకి కట్టు కట్టించుకొచ్చినట్టు ఉండదూ? మొదట అడిగిన మనిషికే చెప్పేశాను, నలభై వేలని.

ఆ మొదటి మనిషి మా పక్కింటి కలాసీ. వన్ టౌన్‌లో టోకు కొట్ల ముందు ఆగే లారీల్లోంచి బస్తాలు దించేవాడు. అతనిది భీమిలి దగ్గర పల్లె, నాది గోదావరి. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరికొకరం బావలం.

"నలబై ఏలే! ఏటి బావ, ముక్కు కోసారా, బంగారం ముక్కెట్టారా?" అన్నాడు.

"కాన్సరంటే మాటలా? హైదరాబాద్ నుంచి డాక్టరొచ్చాడు."

"ఇమానంలోనా?"

"మరి!"

నవ్వాడు. నవ్వుతూనే ఎడమ కంటి కింద, ముక్కు పక్కన ఉన్న పొక్కుని గోటితో గీరుకున్నాడు. మినపగింజంత ఉండేది. చుట్టూ మెరిసే అంచు, మధ్యలో చెక్కు. గీరితే చిన్న రక్తపు బొట్టు. నాకూ అచ్చం అలాగే మొదలైంది.

"ఇదీ అదేనేటి బావ?"

"చూపించుకో" అన్నాను. ఎక్కడో చెప్పలేదు. పెద్దాసుపత్రిలో తెల్లకార్డు వాళ్ళకి దీన్ని దాదాపు ఊరికే తీసేస్తారని ఆ కుర్ర డాక్టరు నాతో అన్నాడు. ఆ మాట బయటపెడితే నా ముక్కు ధర పడిపోతుంది.

అతను పులిపిరికి పెట్టినట్టు సున్నం, చాకలి సోడా కలిపి దానికి పెట్టాడు. పొక్కు మాడింది, రాలింది, మళ్ళీ లేచింది. ఈసారి శనగగింజంత. మా ఆవిడ చూడలేక ఒకరోజు అడిగింది. "ఆసుపత్రికి ఎప్పుడెళ్తావు తమ్ముడూ?"

"సీటీ కట్తన్నానప్పా. డబ్బులు సేతికొత్తే కోయించుకుంతాను."

ఇరవై వేల చీటీ. నెలనెలా పాట ఉంటుంది. తొందర ఉన్నవాడు నష్టానికి పాడుకుని తక్కువ పట్టుకెళ్తాడు. ఆఖరిదాకా ఓర్చుకున్నవాడికి మొత్తం వస్తుంది. అతను ఓర్చుకున్నాడు. పాట రోజున గుమ్మంలో కూర్చుని, పుండు మీద వాలే ఈగల్ని ఒక చేత్తో తోలుకుంటూ, ఎవడెంత నష్టపోయాడో విని నవ్వుకునేవాడు. పుండు కంటిరెప్ప అంచుకి చేరేనాటికి చీటీ ఇంకా సగంలోనే ఉంది.

నేను చూడలేదా? రోజూ పొద్దున్నే గోడ మీదనుంచి చూసేవాణ్ణి. రేపు చెబుదాం అనుకునేవాణ్ణి. రేపు మళ్ళీ ఎవరో ఒకరు ఈ నలభై వేల ముక్కుకి నమస్కారం పెట్టేవారు.

చీటీ అయిపోయిన రోజున డబ్బు తువ్వాల్లో మూటగట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. కన్ను సగం మూసుకుపోయింది.

"పద బావ, మీ అయిద్రాబాద్ డాక్టరు కాడికి."

"అది నలభై కదా బావా, ఇది ఇరవయ్యే" అన్నాను. చూడండి, అప్పుడు కూడా నోట్లోంచి అదే ఊడిపడింది.

"నువ్వు నలబై అంతే ఇరవై అని నాకు తెల్దేటి? నువ్వేటి సెప్పినా సగం తీసీసే ఇంతాను."

ఇక చెప్పక తప్పలేదు. నాకు ఊరికే చేశారని, అతనికీ పెద్దాసుపత్రిలో ఊరికే చేసి ఉండేవారని చెప్పాను. కొడతాడనుకున్నాను. మూట విప్పాడు, డబ్బుకేసి చూశాడు, మళ్ళీ కట్టాడు.

"ఊరికేలో సగం ఎంత బావ?" అని అడిగాడు.

పెద్దాసుపత్రి డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఇన్నాళ్ళూ ఏం చేశారయ్యా అన్నాడు. చీటీ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. మొదట్లోనే వస్తే నాలుగు కుట్లతో పోయేదట. ఇప్పుడు కంటి గూట్లోకి దిగిపోయింది. కన్ను తీశారు. రెప్పలూ, చెంపలో కొంతా కూడా తీశారు. మందులకీ కట్టుగుడ్డలకీ కొన్ని వందలయ్యాయి, అంతే.

అసలు ఖర్చు ఆ తర్వాత మొదలైంది. ఒంటికన్నుతో బస్తా మోస్తూ లారీకి వేసిన పలక మీద నడిస్తే అడుగు ఎక్కడ పడుతుందో తెలియదు. రెండోసారి పడ్డాక మేస్త్రీ ఇక రావద్దన్నాడు. చీటీ డబ్బంతా బియ్యం కింద కరిగిపోయింది. వన్ టౌన్ రోడ్డు పక్కన నల్లద్దాలు కొనుక్కున్నాడు. నలభై రూపాయలయిందన్నాడు. నిజంగా అంతేనో, నన్ను పొడవడానికి అన్నాడో నేను అడగలేదు.

రెండువేల సంవత్సరం దాటాక ఒక సాయంత్రం ఇద్దరం టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాం. మా వీధి ఆటో అబ్బాయి కణత మీద నల్లటి పొక్కుతో, చేతిలో టీ గ్లాసుతో నా దగ్గరికి వచ్చాడు. వీధిలో కాన్సర్‌కి పెద్దమనిషిని నేనే కదా.

"బాబూ, అప్పుడు మీకెంతయింది?"

నోరు తెరిచాను. ఈసారి నిజమే చెప్పబోయాను, ఒట్టు. మా బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వుండు బావ. నువ్వు ఊరికే అని సెప్తే, ఈడు లచ్చ అనుకుంతాడు."

నల్లద్దాలు తీసి ఆ అబ్బాయి మొహం మీదికి వంగాడు. కన్ను ఉండాల్సిన చోట తొడ చర్మం తెచ్చి అతికిన గుంట.

"ఇంతయిందిరా" అన్నాడు. "పెద్దాసుపత్రికి ఎల్లు. ఆడ ఊరికే."

ఆటో అబ్బాయి గ్లాసు అక్కడే పారేసి ఆసుపత్రికి పరుగెత్తాడు.

పరుగెత్తలేదు. టీ పూర్తిగా తాగి, డబ్బులిచ్చి, మర్నాడు వెళ్ళాడు. మా బావ అద్దాలు పెట్టుకుని నా గ్లాసు కూడా లాక్కుని తాగేశాడు.