ఆ రోజు వాడు టీ కొట్టు దగ్గరికి వచ్చాడు

మా అత్తగారి ఇంట్లో ఒక కథ ఉంది. ఏ శుభకార్యానికో నలుగురు చేరితే ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. పరీక్ష తప్పినందుకు మా మామగారు కొడుకును ఒక మాట అన్నారని, ఆ మాటకు వాడు ఇల్లు విడిచిపోయి నెలల తరబడి ఎటో తిరిగాడని, సముద్రంలో మనుషులను వెతికే బావ ఊరంతా గాలించినా దొరకలేదని. మొదటి రెండూ నిజం. మూడోది నేను చెప్పిన అబద్ధం. దాని బరువంతా మా మామగారి మీద పడింది.

నేను చిక్కడపల్లిలో పుట్టి పెరిగాను. చదువయ్యాక సరుకు ఓడల్లో చేరాను. అలా తిరుగుతూ ఉత్తరాన చాలా దూరంలో, మంచు కొండల కింద ఉన్న ఒక చేపల రేవు చేరాను. చలికాలం వస్తే అక్కడికి ఎక్కడెక్కడి నుంచో వేట పడవలు వస్తాయి. ఆ కాలంలోనే ప్రమాదాలు ఎక్కువ కాబట్టి రక్షణ పడవల మీద పనిచేయడానికి అదనంగా మనుషులను తీసుకుంటారు. మొదట తాడు విసిరే పని చేశాను. తర్వాత ఒక పడవను, అందులోని మనుషులను నాకు అప్పగించారు. తొంభైల్లో చాలా ఏళ్లు జనవరిలో వెళ్లి, హైదరాబాద్‌లో ఎండలు ముదిరే వేళకు తిరిగి వచ్చేవాణ్ణి. మిగతా కాలమంతా ఇంటి దగ్గరే.

సముద్రం లేని ఊరివాడు సముద్రంలో మనుషులను వెతకడమేమిటని మా వీధిలో అందరికీ వేళాకోళం. ఇరానీ హోటల్లో కూర్చుంటే చాలు, "ఏం కెప్టెన్, హుస్సేన్ సాగర్ల ఎవడన్న పడ్డడా?" అని అడిగేవారు. నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం ఆ కెప్టెన్ అనే మాట బాగానే ఉండేది.

ఆ పని గురించి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే నేను చేసిన పొరపాటు అర్థం కాదు. ఒక మనిషి నీళ్లలో పడ్డాడని తెలిస్తే, మొదట చివరిసారి ఎక్కడ కనబడ్డాడో అడుగుతాం. గాలి ఎటు వీస్తోంది, నీరు ఎటు లాగుతోంది చూసి, ఈపాటికి ఎక్కడికి కొట్టుకుపోయి ఉంటాడో పటం మీద గీస్తాం. ఆ గీసిన మేరకు దుక్కి దున్నినట్టు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పడవ నడుపుతాం. రెండో పడవ ఉంటే ఎదురుగా వస్తుంది. మనిషి కనబడగానే ఒకడు చేయి చాపి అతని వైపు చూపిస్తూ నిలబడాలి. ఇంకే పనీ ముట్టుకోకూడదు, కన్ను తిప్పకూడదు. అల చాటున తల ఒక్కసారి మాయమైతే మళ్లీ దొరకడం కష్టం.

రేవుకు తిరిగి వచ్చాక, తడి బట్టలు విప్పి, కాఫీ పోసుకుని అందరం ఒకచోట కూర్చుంటాం. అప్పుడు నాయకుడు ముందు మాట్లాడాలి. ఏం బాగా జరిగిందో కాదు, తను ఎక్కడ పొరపాటు చేశాడో చెప్పాలి. అతను చెప్పాకే మిగతావాళ్లు తమవి చెబుతారు. పడవను గాలికి తప్పు వైపు తిప్పాననీ, తాడు ఆలస్యంగా అందించమన్నాననీ ఎన్నోసార్లు చెప్పాను. నాకది కష్టం అనిపించలేదు. అక్కడ అందరూ చెబుతారు కదా.

ఇక మా బామ్మర్ది సంగతి. డిగ్రీ అయ్యాక వాడు గ్రూప్స్ రాస్తున్నాడు. పొద్దున్నే అశోక్ నగర్‌లో కోచింగ్, మధ్యాహ్నం చిక్కడపల్లి లైబ్రరీ, సాయంత్రం మళ్లీ అశోక్ నగర్‌లో దోస్తుల గదులు. ఆ ఏడాది వానలు మొదలైన రోజుల్లో ఫలితాలు వచ్చాయి. వాడి నంబరు లేదు. అన్నం తింటుండగా మామగారు కంచంలో నుంచి తల ఎత్తకుండానే, "నిన్ను నా కొడుకని చెప్పుకోవాలంటె సిగ్గయితుంది" అన్నారు. వాడు చేయి కడుక్కుని, పుస్తకాల సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. కోచింగ్‌కేమో అనుకున్నారు. మర్నాడు కూడా రాలేదు.

అత్తమ్మ ఏడుస్తూ నా దగ్గరికే వచ్చింది. ఆమె వెనక మా ఆవిడ నిలబడి ఉంది. మామగారు గడప దగ్గర కూర్చుని నా వైపు చూశారు. ఎప్పుడూ నాతో ఎక్కువ మాట్లాడని మనిషి, "అల్లుడూ, నీ పనే ఇది గద" అన్నారు. ఇక్కడ దాచకుండా చెప్పాలి. ఆ మాటకు భయం కంటే ముందు నాకు గర్వం కలిగింది.

సిటీ మ్యాపు తెచ్చి నేల మీద పరిచాను. వాడు చివరిసారి కనబడింది లైబ్రరీ మెట్ల మీద. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. మా ఆవిడకు తమ్ముళ్లయ్యే పెదనాన్న కొడుకులు ఇద్దరికి స్కూటర్లు ఉన్నాయి. ఒకణ్ణి నారాయణగూడ, బర్కత్‌పుర, కాచిగూడ స్టేషన్ వైపు పంపాను. రెండోవాణ్ణి అడిక్‌మెట్ వైపు పంపి యూనివర్సిటీ హాస్టళ్లు చూడమన్నాను. నేను అశోక్ నగర్ సందులు తీసుకున్నాను. మధ్యాహ్నం, సాయంత్రం వాళ్లు ఎస్‌టీడీ బూతు నుంచి ఫోన్ చేసి చెప్పాలి. ఇల్లంతా నేను చెప్పినట్టు నడిచింది. అత్తమ్మ కూడా నన్ను అడిగి లేచేది, అడిగి కూర్చునేది.

వారం గడిచాక అశోక్ నగర్‌లో వాడు రోజూ టీ తాగే కొట్టు యజమాని నన్ను పక్కకు పిలిచాడు. వాడు ఒక దోస్తు గదిలో ఉన్నాడట. కబురు పంపాడట. రేపు మూడింటికి ఇక్కడికే వస్తాడు, బావను ఒక్కణ్ణే రమ్మన్నాడు, ఇంకెవరికీ చెప్పొద్దన్నాడు.

ఒక్కణ్ణే వెళ్లి ఉండాల్సింది. సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి, బెంచీ మీద కూర్చుని, రెండు టీలు చెప్పి ఉండాల్సింది. కాని మనిషి కనబడ్డాక మళ్లీ కళ్ల ముందు నుంచి మాయం కానివ్వకూడదని నేర్చుకున్నవాణ్ణి. స్కూటర్ల తమ్ముళ్లను సందుకు అటు చివర ఒకణ్ణి, ఇటు చివర ఒకణ్ణి నిలబెట్టాను. ఎవరి కోసమో చెప్పాను, రోడ్డు వైపు చూస్తూ ఉండమన్నాను, వాడు బయటి నుంచి వస్తాడని నా లెక్క. నేను కొట్టుకు ఎదురుగా జిరాక్స్ షాపు అరుగు మీద, కనబడకుండా.

వాడు బయటి నుంచి రాలేదు. కొట్టు పక్క మేడ మీదే ఉన్నాడు. ఇనుప మెట్లు దిగి వచ్చి, బెంచీ మీద కూర్చుని, గ్లాసు అందుకున్నాడు. గడ్డం పెరిగింది. శుభ్రమైన చొక్కా వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు. ఇంటికి రావడానికి తయారైన మనిషిలా ఉన్నాడు. ఒక గుటక తాగి సందు చివరికి చూశాడు. స్కూటర్, దాని మీద కూర్చున్న పెదనాన్న కొడుకు వీపు. ఇటు చివరికి చూశాడు. ఇంకో స్కూటర్. గ్లాసును మెల్లగా బెంచీ మీద పెట్టాడు. అప్పుడు నన్ను చూశాడు. నేను లేచి చేయి చాపి, ఆగమన్నట్టు వాడి వైపే చూపిస్తూ నిలబడ్డాను. పక్కనున్న పుస్తకాల షాపులోకి నడిచాడు, పరుగెత్తలేదు కూడా. వెనక తలుపు ఉందని నాకు తెలియదు.

అక్కడ సముద్రంలో ఎంతమందిని వెతికానో. చేయి ఎత్తగల ఓపిక ఉన్నవాళ్లందరూ చేయి ఎత్తారు. మమ్మల్ని చూసి తప్పించుకుపోయినవాడు ఒక్కడూ లేడు. అలాంటివాడు ఉంటాడని నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

టీ కొట్టు యజమాని గ్లాసు తీస్తూ, "మీరొక్కరే వస్తరనుకున్న సార్" అన్నాడు. అంతే.

తమ్ముళ్లు ఇద్దరూ చూడలేదు. సాయంత్రం దాకా నిలబడి నా దగ్గరికి వచ్చి, "రాలేదా బావా?" అని అడిగారు. వాళ్ల ప్రశ్నలోనే నాకు జవాబు దొరికింది. రాలేదన్నాను. ఇంటికి వెళ్లి అత్తమ్మతోనూ అదే అన్నాను. మామగారు లేచి లోపలికి వెళ్లారు. ఆ రోజు నుంచి ఆయన ఇంట్లో ఎవరినీ ఏమీ అనలేదు. కూరలో ఉప్పు లేకపోయినా తినేవారు. ఎదురింటి పిల్లలు బంతితో కిటికీ అద్దం పగలగొట్టినా ఊరుకున్నారు. ఒక్క మాటతో కొడుకును పోగొట్టుకున్న మనిషి ఇంకో మాట అనడానికి భయపడ్డారు.

జనవరిలో నా సీజన్‌కు నేను వెళ్లిపోయాను. అదయ్యే లోపలే వాడు తిరిగి వచ్చాడు. మా ఆవిడ ఫోన్ చేసి ఏడుస్తూ, నవ్వుతూ చెప్పింది. నిజామాబాద్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేశాడట. వెతికేవాడు ఊళ్లో లేడని తెలిసి వచ్చాడేమో, నేను అడగలేదు. ఆ రోజు పడవ రేవుకు వచ్చాక, అలవాటు ప్రకారం నేను ముందు మాట్లాడాను. ఇంజను వేగం తగ్గించడం ఆలస్యం చేశానన్నాను. అందరూ తల ఊపారు. అసలైన పొరపాటు నోటి దాకా వచ్చింది. కాని అది ఆ పడవది కాదు.

మేలో వచ్చాక ఇద్దరం నారాయణగూడ వైపు నడుస్తున్నప్పుడు వాడే మొదలుపెట్టాడు. "ఆ దినం టీ తాగి నీతోటి ఇంటికే రావాలనుకున్న బావా. నాయినకు ఏం చెప్పాల్నో నిన్ను అడుగుదామనుకున్న. నువ్వు నన్ను దొంగను పట్టినట్టు పట్టబోతివి." ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడిగాను. "నేను రాలేదని నువ్వు చెప్పినవ్ గద. నీ ఇజ్జత్ తీసుడెందుకని."

ఆ వేసవిలోనే మామగారు మేడ మీద ఆరిన బట్టలు తీస్తూ నన్ను అడిగారు. "అల్లుడూ, నిజం చెప్పు. నేను ఆ మాట అనకుంటె వాడు గిన్ని నెలలు పోయేటోడా?" ఆ మాటకు వాడు వారం పోయేవాడు, మామా, మిగతా నెలలు నావి. ఇదీ నేను చెప్పాల్సింది. కాని "అయిపోయిందానికి ఇప్పుడెందుకు మామా" అన్నాను. ఆయన తువ్వాలు మడిచి, "అంటె పోకపోయేటోడే" అన్నారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. మొన్న ఆయన తద్దినం రోజు భోజనాల దగ్గర కొత్తగా వచ్చిన కోడలికి ఎవరో మళ్లీ కథ మొదలుపెట్టారు. బావ ఎంత వెతికినా దొరకలేదు అనే దగ్గరికి వచ్చేసరికి, "దొరికాడు, వచ్చాడు, నేనే పోగొట్టాను" అన్నాను. మొత్తం చెప్పాను. బామ్మర్ది విస్తరి వైపే చూస్తూ, "ఇప్పుడెందుకు బావా" అన్నాడు. మేడ మీద నేను అన్న మాటే అది.

మా ఆవిడ పెరుగు గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. "నాయినకు తెలుసా?" అని అడిగింది.

"తెల్వదు. చెప్పలేదు."

ఆమె నా విస్తట్లో పెరుగు వేసి, పక్క విస్తరి దగ్గరికి వెళ్లింది. ఆ రోజు పంక్తిలో లేనివాళ్ల కోసం ఇది రాశాను. ఇంకెవరైనా ఆ కథ ఎత్తుకుంటే, ఇలా చెప్పండి.