మ్యాట్నీకి పోయిన మస్టరు

పోయిన శుక్రవారం మధ్యాహ్నం నేను ఒక అపార్టుమెంటు పైకప్పు మీద, లిఫ్టు మోటారు గదిలో, బ్రేకు సర్దుతూ ఉండగా అక్క ఫోన్ చేసింది. ఆదివారం అందరూ కరీంనగర్ వస్తున్నారట, సినిమాకు పోదామట, నాలుగు టికెట్లు తీయమంది. "మీ బావకు గా ఫోన్ల టికెట్లు తీసుడు రాదు. నువ్వే జర తియ్యి తమ్మీ," అంది. పని ముగించి మెట్ల మీద కూర్చుని, గ్రీజు అంటిన వేళ్లతోనే వరుస ఎంచుకున్నాను, సీట్లు ఎంచుకున్నాను. ఆఖరున మొత్తం ఎంతయిందో చూపించి, కట్టమంటూ ఒక గడి వెలిగింది. అక్కడ ఆగిపోయాను.

నాకు జాబితాలు రాసే అలవాటు ఉంది. డిప్లొమా చదువు కొంత, లిఫ్టుల పని కొంత నేర్పింది. ఏ లిఫ్టు దగ్గరికి పోయినా చూడాల్సినవి ఒక కాగితం నిండా ఉంటాయి. ఒక్కొక్కటి చూసి టిక్కు పెట్టాలి. సినిమాకూ అలాగే రాసుకున్నాను. టికెట్టు. ఆ టికెట్టును ఫోన్లో కొన్నందుకు మళ్లీ రుసుము. ఇంటి నీళ్ల సీసా లోపలికి రానివ్వరు కాబట్టి నీళ్లు. నీళ్లతో ఆగని మేనకోడలు. బండి నిలిపినందుకు చీటీ. ఇవన్నీ ఎలాగో సర్దుకోవచ్చు. ఆ తర్వాతి అంశమే కష్టం: ఆదివారంలో మూడు గంటలు. వారానికి నాకున్నది ఆ ఒక్క రోజు, అది కూడా ఎక్కడో ఎవరో లిఫ్టులో ఇరుక్కోకపోతేనే. నాలుగు వారాలు ఓపిక పడితే అదే సినిమా ఇంట్లో మంచం మీదికే వస్తుంది. పైగా ఆ హాలున్న మాల్‌లో లిఫ్టులు చూసేది మేమే. నెలకు రెండుసార్లు వెనక తలుపు నుంచి పోతాను. అక్కడ ఆడిన సినిమాలన్నీ గోడ ఇవతల నుంచి విన్నాను. కొట్లాటలు, పాటలు, చప్పట్లు. ఒక్కటీ చూడలేదు. విన్నంతవరకు పోగొట్టుకున్నది పెద్దగా ఉన్నట్టు అనిపించలేదు.

టికెట్లు తీశాను. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా దాచేంత విశేషం కాదు. కానీ సినిమా గిట్టుబాటా కాదా అని లెక్క వేసిన ప్రతిసారీ నాకు ఇంకో సినిమా గుర్తుకొస్తుంది. దాని టికెట్టు ధర మరిచిపోయాను. ఖరీదు మాత్రం తెలుసు. ఒక మస్టరు.

మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు. బాయిలో ఒక రోజు హాజరు పడితే అది మస్టరు. పడకపోతే నాగా. ఈ మూడు మాటలు తెలిస్తే గోదావరి అవతల మా వైపు ఊళ్లలో సగం ముచ్చట్లు అర్థమవుతాయి. మిగతా సగం మోకాళ్ల నొప్పుల గురించి. బావకు వాళ్ల బాపు ఉద్యోగం వారసత్వంగా వచ్చింది గాని, వచ్చినప్పుడు బదిలీ కార్మికుడిగానే వచ్చింది. అంటే ఎవరైనా నాగా పెడితే ఆ ఖాళీలో పని. జనవరి నుంచి డిసెంబరు దాకా నిర్ణయించినన్ని మస్టర్లు నిండితే పర్మినెంటు అవుతాడు, కంపెనీ క్వార్టరు వస్తుంది. ఒక్కటి తగ్గినా జనవరి ఒకటి నుంచి మళ్లీ మొదలు. పాత ఏడాదిలో ఎన్ని ఉన్నా కొత్త ఏడాదికి ఒక్కటీ రాదు.

నేను అప్పుడు డిప్లొమా రెండో ఏడు. కాలేజీ అక్కావాళ్ల ఊళ్లోనే కాబట్టి వాళ్లతోనే ఉన్నాను. క్వార్టర్ల వెనక గల్లీలో రేకుల ఇల్లు, ఒకటే గది, ముందు వసారాలా చిన్న సాయబాను. ఎండాకాలం రేకులు పగలంతా టక్కు టక్కుమనేవి. వానాకాలం మాటలు ఆపేసి అందరం పైకి చూస్తూ కూర్చునేవాళ్లం. గోడకు కిరాణా కొట్టువాడు ఇచ్చిన క్యాలెండరు ఉండేది. బావ పని ముగించి ఇంటికి రాగానే, ఆయన చెప్పులు విడవకముందే, అక్క ఎర్ర పెన్నుతో ఆ తేదీకి గుండ్రం చుట్టేది. చాయ్ పెట్టడం కూడా ఆ తర్వాతే. వారానికోసారి ఆ గుండ్రాలు లెక్కపెట్టి నా డ్రాయింగు పుస్తకం వెనక అట్ట మీద రాయడం నా పని. నెలలు నిలువుగా, షిఫ్టులు అడ్డంగా, ఎక్కడ నాగా పడిందో, ఎందుకు పడిందో పక్కన చిన్న అక్షరాల్లో. జ్వరం మూడు. కొండగట్టు మొక్కు ఒకటి. వాళ్ల చెల్లె పెండ్లికి రెండు. పోయినా పని దొరకక గేటు నుంచి తిరిగొచ్చినవి వేరే వరుస. బావ ఆ పట్టికను చూసేవాడు కాదు. "ఇంజనీర్ సాబ్ ఉండంగ నాకేం ఫికర్?" అనేవాడు. ఆ మాటకు నేను లోలోపల ఎంత పొంగేవాణ్నో ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

డిసెంబరు నాలుగో వారానికి నా పట్టిక ఒక శుభవార్త చెప్పింది. మిగిలిన రోజులన్నీ పోతే, కావాల్సినదానికన్నా ఒక మస్టరు ఎక్కువ.

అక్కకు అప్పుడు మూడో నెల. పెండ్లయ్యాక ఆమె సినిమా హాలు మొహం చూడలేదు. ఊళ్లో ఉన్న ఒక్క టాకీసు అప్పటికే ఫంక్షన్ హాలు అయింది. తెర ఉన్నచోట పెండ్లిపీటలు వేస్తున్నారు. సినిమా అంటే కరీంనగర్ పోవాలి, బస్సులో గంటన్నర పైనే, అంటే బావకు ఒక నాగా. అందుకని అక్క ఎప్పుడూ అడగలేదు. మేం ఖాలా అని పిలిచే పక్కింటి పెద్దామె టీవీలో కొత్త సినిమా పాట వస్తుంటే మాత్రం గిన్నె తోమడం ఆపి, చేతులు బూడిదతోనే, గుమ్మం దగ్గర నిలబడేది. పాట అయిపోగానే ఇంకో గిన్నె తీసుకునేది. ఆ సాయంత్రం బావ అది చూశాడు.

"ఒకటి ఎక్కువున్నదంటివి గద?" అని నన్నడిగాడు, గొంతు తగ్గించి.

"ఉన్నది బావా."

"పక్కానా?"

"రెండుసార్లు లెక్కవెట్టిన."

"అయితే ఎల్లుండి నాగా. మీ అక్కకు చెప్పకు, రేపంతా వద్దు వద్దని పానం తీస్తది."

చెప్పక తప్పలేదు, బస్సుకు చీర కట్టుకోవాలి కదా. అక్క నిజంగానే వద్దంది. చివరికి ఖాలా కోప్పడింది. "ఆయన నాగా పెట్టి తోల్కపోతనంటే వద్దంటవా? జావ్ బేటీ. పోతే పూరా చూసి రా. ఇంటర్‌వెల్‌కే ఇల్లు యాదికొస్తే టికెట్ దండగ," అని, మా ఇంటి తాళంచెవి తన కొంగుకు కట్టుకుంది.

ఆ మ్యాట్నీ నాకు వరుసక్రమంలో గుర్తుంది. హాల్లో ఫినాయిల్ వాసన, దాని మీద మిర్చిబజ్జీల వాసన. బావ సీట్లో ఇటూ అటూ మెదిలి పైకప్పు వంక చూశాడు. "మంచిగున్నది. గీ చీకట్ల పైకప్పు కూలుతదన్న భయం లేదు," అన్నాడు. వెనక వరుసలో ఎవరో నవ్వారు. వాళ్లూ బాయి వాళ్లే అయుండాలి. బావ అరగంటలో నిద్రపోయాడు. అక్క లేపలేదు. నవ్వాల్సిన చోట ఏడ్చింది, ఏడ్వాల్సిన చోట బజ్జీ తింది, ఇంటర్‌వెల్‌లో కూడా కుర్చీ విడిచి లేవలేదు, ఎవరైనా కూర్చుంటారేమో అని. తిరుగు బస్సులో కథంతా బావకు మొదటి నుంచి చెప్పింది. చూసిన సినిమా కంటే అదే బాగుందని నాకు అనిపించింది. "నేను చూసిన గదనే," అని బావ అంటే, "నువ్వు చూసింది నీ కల," అంది. పెండ్లయ్యాక ఆమె అంతసేపు ఆపకుండా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. మళ్లీ అంతసేపు వినలేదు.

జనవరిలో బాయి ఆఫీసు ముందు పర్మినెంటు అయినవాళ్ల జాబితా అతికించారు. బావతో పాటు చేరినవాళ్ల పేర్లు ఉన్నాయి. బావ పేరు లేదు. లోపల అడిగితే రిజిస్టరు తిప్పి చూపించారట, ఒకటి తక్కువ. బావ ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, ఆ మాట చెప్పి, అన్నం పెట్టమన్నాడు.

నేను పాత క్యాలెండరు దించి కూర్చున్నాను. తప్పు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. అది మొదటి పేజీలో, మొదటి తేదీ మీదే ఉంది. జనవరి ఒకటిన ఒక గుండ్రం. బావ అంతకుముందు రాత్రి షిఫ్టుకు దిగి, తెల్లవారి ఇంటికొచ్చాడు. అక్క వచ్చిన రోజు మీద గుండ్రం చుట్టింది, ఎప్పుడూ చుట్టినట్టే. కానీ మస్టరు పడేది బాయిలోకి దిగిన రోజుకు. అది అంతకుముందు ఏడాది మస్టరు. ఏడాది మధ్యలో ఎన్ని రాత్రి షిఫ్టులు ఉన్నా ఫరవాలేదు, ఒక రోజు అటో ఇటో జరుగుతాయి గాని మొత్తం మారదు. ఏడాది చివర కూడా రాత్రి షిఫ్టే పడితే లెక్క దానంతట అదే సర్దుకునేది. డిసెంబరు చివరి వారం బావది పొద్దుటి షిఫ్టు. షిఫ్టులకు నేను వేరే గడులు గీశాను, రంగులు కూడా వేశాను. ఈ ఒక్క సంగతి ఆలోచించలేదు. మిగులు అనుకున్నది అసలు లేనే లేదు.

ఇద్దరి ముందూ క్యాలెండరు పెట్టి చెప్పాను. బావ ఆ గుండ్రం మీద వేలు పెట్టి చూశాడు. "గంతేనా," అన్నాడు. అక్క నన్ను తిట్టింది, కాని లెక్క తప్పినందుకు కాదు. "అన్నం ముందట ఏడుస్తరా? లే, చెయ్యి కడుక్కో," అని. మర్నాడు కొత్త క్యాలెండరు మేకుకు తగిలించి ఎర్ర పెన్ను నా చేతికి ఇచ్చింది. "ఈసారి దిగిన రోజు మీదనే చుట్టు," అంది. ఎవరైనా నా మీద నమ్మకం ఉంచితే నాకు ఆ పెన్ను బరువు గుర్తుకొస్తుంది.

ఆ ఏడాది సినిమా మాట ఎవరూ ఎత్తలేదు. ఖాలా ఒకసారి ఎత్తబోయి, పాన్ డబ్బా తెరిచింది. బావ మళ్లీ గేటు దగ్గర ఖాళీ కోసం నిలబడ్డాడు. ఆయనతో చేరినవాళ్లు క్వార్టర్లకు సామాను ఎత్తుకుంటుంటే సాయం పోయి, మంచాలు మోసి వచ్చాడు. జ్వరంతో పోయాడు. కాలికి దెబ్బ తగిలితే తెల్లారి కుంటుతూ పోయాడు. నేను వారం వారం లెక్క చెప్పేవాణ్ని, ఈసారి కంపెనీ రిజిస్టరుతో సరిచూసి మరీ. మార్చికల్లా అప్పటికి ఉండాల్సినదానికన్నా ఎక్కువ మస్టర్లే ఉన్నాయి. బావ వినేవాడు, తల ఊపేవాడు. నా లెక్క మీద ఆయనకు నమ్మకం పోలేదు. మిగులు అనే దాని మీద పోయింది.

జూన్‌లో ఒకరోజు తెల్లవారుతుండగా అక్కకు నొప్పులు మొదలయ్యాయి. బావ టిఫిన్ డబ్బా పట్టుకుని సాయబానులో నిలబడి ఉన్నాడు. నేను డ్రాయింగు పుస్తకం తెచ్చి ఆయన ముందు తెరిచాను. "బావా, చూడు. ఇయ్యాల్టికి ఉండాల్సినదానికన్న పదకొండు ఎక్కువున్నయి. ఒక్కటి తీసేసినా ఏం కాదు. ఇయ్యాల పోకు."

ఆయన పుస్తకం వంక చూడలేదు. "నీ లెక్క కరెక్టే కావచ్చురా. నేనైతే పోత," అన్నాడు. లోపల అక్క విన్నది. "పోనియ్ తమ్మీ," అంది. ఖాలా ఆటో పిలిచింది.

పాప పది గంటల ఇరవై నిమిషాలకు పుట్టింది. నేను గడియారం చూసి రాసుకున్నాను, నాకు చేతనైంది అదే. నర్సు తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఆ సమయానికి బావ భూమి లోపల ఎక్కడో ఉన్నాడు. అక్కడికి కబురు పోయినా ఆయన పైకొచ్చేవాడు కాదు.

షిఫ్టు అయిపోగానే బావ నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. స్నానం చేయలేదు. కళ్ల చుట్టూ తప్ప మొహమంతా నలుపు. పాపను ముట్టుకోలేదు, చేతులు వెనక పెట్టుకుని వంగి చూశాడు. తర్వాత నన్ను వరండాలోకి తీసుకుపోయి బెంచీ మీద కూర్చోబెట్టాడు. "చెప్పురా. పొద్దట్నుంచి చెప్పు," అన్నాడు.

చెప్పాను. ఆటో ఎక్కడ ఆగింది, లోపలికి ఎన్ని గంటలకు తీసుకుపోయారు, ఖాలా ఎన్నిసార్లు లేచి కూర్చుంది, మొదట ఎవరి అరుపు వినపడింది, తర్వాత ఎంత నిశ్శబ్దం, ఆ తర్వాత పిల్ల ఏడుపు ఎలా ఉంది. ఆయన మధ్యలో ఆపి అడిగాడు. "ముందుగాల ఎడమ కన్ను తెరిచిందా, కుడిదా?" నేను చూడలేదు. ఎడమ కన్ను అని చెప్పాను.

"మంచిగ చెప్తవురా. చూసినట్టే ఉన్నది," అన్నాడు బావ.

ఆ డిసెంబరుకు ఆయన మస్టర్లు కావాల్సినదానికన్నా ఎంతో ఎక్కువ నిండాయి. పర్మినెంటు అయ్యాడు, క్వార్టరు వచ్చింది. ఆ మిగులు మస్టర్లను ఏడాది మారగానే, నియమం ప్రకారం, కొట్టేశారు. అవి దేనికీ పనికిరాలేదు. సినిమా తప్పిపోతే తర్వాతి ఆటకు పోవచ్చు. పాప పుట్టిన ఆ పొద్దుటి పది గంటల ఇరవై నిమిషాలు మాత్రం ఒక్కసారే వచ్చాయి, వాటిని చూసింది నేను, బావ కాదు.