ఎనిమిది ఆదివారాలు, ఆరు కిలోలు

ఆ రోజుల్లో ఇంట్లో ఏది జరిగినా దానికి మనిషి మాటే సాక్ష్యం. పిల్లకు పన్ను ఎప్పుడు వచ్చిందని అడిగితే "మామిడికాయలప్పుడు" అనేవారు. మొదటి అడుగు ఎప్పుడు వేసిందంటే "మీ బాబాయి వచ్చి వెళ్ళిన మర్నాడు" అనేవారు. మామిడికాయలు ఏటా వస్తాయి, బాబాయిలూ వస్తూనే ఉంటారు. ఇటువంటి ఆధారాలతో ఒక కుటుంబం తన గతాన్ని ఎలా నిలుపుకుంటుందో నాకు అర్థమయ్యేది కాదు. గోదావరి జిల్లా నుంచి ఉక్కు ఉద్యోగానికి విశాఖ వచ్చి, ఫర్నేసు కంట్రోలు గదిలో గంటగంటకూ రీడింగులు రాసే పనిలో కుదురుకున్నవాణ్ణి నేను. అక్కడ మాకు నేర్పిన మొదటి సూత్రం, పుస్తకంలో లేనిది జరగనట్టే. రెండవది, రాసినదాన్ని చెరపరాదు. తప్పయితే దానిమీద ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది వేసి, పొడి సంతకం పెట్టాలి. ఈ రెండు సూత్రాలనూ నేను క్వార్టర్సుకు కూడా తెచ్చుకున్నాను. (చెప్పులు మాత్రం గుమ్మం బయటే విడిచేవాణ్ణి.)

మా అమ్మాయి పుట్టిన నాటి నుంచి ఒక రూళ్ళ పుస్తకం పెట్టాను. తేదీ, సమయం, విషయం, రిమార్కులు అని నాలుగు గళ్ళు. ఎన్నిసార్లు పాలు తాగింది, ఎంతసేపు నిద్రపోయింది, ఎన్ని తుమ్ములు తుమ్మింది అన్నీ అందులో ఉన్నాయి. కావలసినవారికి ఇప్పటికీ చూపగలను. "మీరు పిల్లను చూసి రాస్తున్నారా, రాశాక చూస్తున్నారా?" అని నా భార్య ఒకసారి అడిగింది. ఆ ప్రశ్నను నమోదు చేయలేదు.

పిల్లకు నాలుగో నెల వచ్చాక బరువు సంగతి నన్ను పట్టుకుంది. డాక్టరు రెండు నెలలకొకసారి తూచేవాడు. ఫర్నేసును గంటకొకసారి చూసేవాడికి రెండు నెలలంటే యుగం. ప్రతి ఆదివారం ఉదయం సముద్రం ఒడ్డు నుంచి గంపతో చేపలు తెచ్చే ఒక ఆవిడ మా క్వార్టర్ల వరుసకంతటికీ అప్ప, అంటే అక్క. ఆమె దగ్గర తక్కెడ ఉంది, తూకపు రాళ్ళున్నాయి. వరండాలో ఉయ్యాల కొక్కేనికి ఆ తక్కెడ వేలాడదీయించి, ఒకవైపు పళ్ళెం తీసి పాత చీర గుడ్డతో ఊయలలా కట్టి, గుడ్డ బరువుకు సరిగ్గా అటువైపు కూడా గుడ్డ వేయించాను.

"సేపని తూసినట్టు పిల్లని తూత్తారేటి బాబూ? దిష్టి తగిలిపోద్ది."

"దిష్టికి కొలత లేదప్పా. బరువుకు ఉంది."

"ఉంటే ఉండనీ. ఎదిగే పిల్ల ఎదుగుతాది. పైకి సెప్పకూడదు."

ముల్లు నిలువుగా నిలబడింది. ఆరు కిలోలు. నేను పైకి చదివి మరీ రాశాను. అప్ప నావైపు జాలిగా చూసి, రెండు కానాగంత చేపలు ఎక్కువ వేసి వెళ్ళిపోయింది.

రెండో ఆదివారం కూడా ఆరే. మూడో ఆదివారమూ ఆరే. అప్ప శ్రద్ధలో లోపం లేదు. "పడిపోద్ది బాబూ" అంటూ తూచినంతసేపూ ఎడమ అరచెయ్యి గుడ్డ కింద ఆనించి ఉంచేది. దాన్ని నేను మెచ్చుకుని, రిమార్కుల గడిలో "భద్రత: సంతృప్తికరం" అని రాశాను కూడా. అయిదో వారానికి చార్టు కాగితం మీద గీత గీశాను. తాడు కట్టి లాగినంత సమంగా వచ్చింది. మా ఫర్నేసులో అంత సమమైన గీత వస్తే పై అధికారి భుజం తట్టేవాడు. ఇంట్లో ఆ గీత చూసి నాకు అన్నం సయించలేదు.

నా భార్యకు మాత్రం ఈ దిగులు లేదు. "గౌను భుజాల దగ్గర పట్టడం లేదండీ" అంది. ఉతికితే గుడ్డ కుంచించుకుపోతుందన్నాను. "ఎత్తుకుంటే చెయ్యి లాగేస్తోందండీ" అంది. నీకు నీరసంగా ఉండి ఉంటుందన్నాను. ఆమె అప్పట్లో గాజువాకలో టైపు నేర్చుకునేది. పెళ్ళికి ముందే లోయరు పాసై, హయ్యరు పరీక్షకు కట్టింది. వారానికి మూడు సాయంత్రాలు పక్కింటివారికి పిల్లను అప్పగించి వెళ్ళి వచ్చేది. నేను లెక్క వేశాను: రానూపోనూ బస్సుతో కలిపి మనిషి ఇంట్లో లేని సమయం వారానికి ఏడు గంటల ఇరవై నిమిషాలు. కారణం కళ్ళముందే కనబడింది. ఆరో ఆదివారం, ఆరు కిలోల పక్కన, రిమార్కుల గడిలో, సిరాతో రాశాను: "తల్లి అశ్రద్ధ వల్ల ఎదుగుదల లేదు." టైపు మానేయమన్నాను.

"పరీక్ష ఇంక పదహారు రోజులే ఉందండీ."

"పిల్ల పెరగడం మానేసి ముప్ఫై అయిదు రోజులైంది."

అంకెకు అంకెతో జవాబు చెప్పానని ఆ పూట నాకు తృప్తిగా కూడా ఉంది. ఆమె హాలు టిక్కెట్టు మడిచి బీరువాలో చీరల కింద పెట్టింది. 

ఎనిమిదో ఆదివారమూ ఆరే రావడంతో సోమవారం సెలవు పెట్టి, గాజువాకలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన పిల్లను తూచి, ఏడు కిలోల రెండువందల యాభై గ్రాములన్నాడు. మీ కాటా తప్పన్నాను. ఆయన నన్నూ, నా చేతిలోని చార్టునూ, బల్లమీద కాళ్ళు తన్నుకుంటున్న పిల్లనూ వరసగా చూశాడు.

"పిల్లను మీరే ఎత్తుకొచ్చారు కదండీ. బరువుగా అనిపించలేదా?"

"అనిపించడం కొలత కాదండీ."

మర్నాడు, మా లాబొరేటరీలో అడిగి తెచ్చుకున్న అయిదు కిలోల పరీక్ష రాయిని చేతిసంచిలో వేసుకుని మళ్ళీ బయలుదేరాను. కండక్టరు సంచి పక్కకు జరపబోయి, "ఇందులో ఏటుంది బావా, ఓడ లంగరా?" అన్నాడు. బస్సు ఒకచోట నాలుగు నిమిషాలు ఆగిపోయింది. టైపు ఇన్‌స్టిట్యూటు ముందు పరీక్షకు మిషన్లను రిక్షాల్లోకి ఎక్కిస్తున్నారు. అమ్మాయిలు హాలు టిక్కెట్లు పట్టుకుని అరుగు మీద నిలబడి ఉన్నారు. నేను గడియారం చూసుకుని ఆలస్యానికి విసుక్కున్నాను. డాక్టరు కాటా మీద రాయి పెడితే అయిదు కిలోలే చూపించింది. అటూ ఇటూ ఒక్క గ్రాము లేదు. ఆయన రాయిని సంచిలో పెట్టడానికి సాయం పట్టాడు.

తొమ్మిదో ఆదివారం వరండాలో నేలమీద చాపేసుకుని, ముల్లుకు నా కన్ను సమంగా వచ్చేటట్లు కూర్చున్నాను. కింది నుంచి చూడడం అదే మొదలు. అప్ప అరచెయ్యి గుడ్డ కింద ఉన్న తీరు అప్పుడు కనబడింది. ఆనించిన చెయ్యి కాదు, మోస్తున్న చెయ్యి. మణికట్టు దగ్గర నరాలు తేలి ఉన్నాయి.

"చెయ్యి తియ్యప్పా."

"తియ్యను."

"తియ్యి."

తీసింది. గుడ్డ ఒక్కసారిగా దిగి చాపకు తగిలింది. అమ్మాయికి అది ఆటలా ఉండి నవ్వింది.

"నువ్వు ఆరని రాసీసినావు బాబూ. వారం వారం పెంచుకుంటూ రాసి, పదిమందికీ సెప్పుకుంటావు. కళ్ళు పడతాయి. అందుకని ఆరుకాడ ఆపినాను. పిల్లని కాదు, నీ అంకెని." తక్కెడ విప్పుకుంటూ మళ్ళీ అంది: "సేపలకాడ నాను ఏలు పెట్టి బరువు పెంచుతన్నానని అందరూ తిడతారు. తగ్గించినానని తిట్టినోడివి నువ్వొక్కడివే."

నేను లోపలికి వెళ్ళి పుస్తకం తీశాను. మొదటి ఆరు నిజమైనదే. మిగిలిన ఏడు ఆరుల మీదా ఒక్కొక్క గీత కొట్టాను. పక్కన వేయవలసిన సరైన అంకెలు నా దగ్గర లేవు గనుక, "చెయ్యి అడ్డం" అని ఏడుసార్లు రాసి ఏడు సంతకాలు పెట్టాను. రిమార్కుల గడి జోలికి పోలేదు. అందులో అంకెలుండవు కదా, తప్పు ఉంటుందని తోచలేదు. టైపు పరీక్ష మళ్ళీ ఆరు నెలలకు వచ్చింది. నా భార్య అడగలేదు, నేను గుర్తు చేయలేదు. ఆ తర్వాత ఎన్ని పరీక్షలు వెళ్ళాయో, నేను లెక్కపెట్టని అంకెల్లో అదొకటి.

మొన్న మా అమ్మాయి తన అయిదు నెలల పాపతో వచ్చింది. రుషికొండ వైపు ఏదో ఆఫీసులో పని. పాప బరువంతా ఫోనులో రాసుకుంటోంది. తన చిన్ననాటి బరువుతో పోల్చి చూస్తానని పుస్తకం అడిగితే, నా ముప్ఫై ఏళ్ళ శ్రమకు ఇన్నాళ్ళకొక పాఠకురాలు దొరికిందని మురిసిపోయి తెచ్చి ఇచ్చాను. అది పేజీలు తిప్పుతూ, ఏడుచోట్ల "చెయ్యి అడ్డం" చూసి పడీ పడీ నవ్వి, ఉన్నట్టుండి ఆగింది.

"నాన్నా, ఏంటిది? తల్లి అశ్రద్ధ వల్ల... అమ్మా, నువ్విది చూశావా?"

నా భార్య చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తల ఎత్తలేదు. "ఆ రోజే చూశానే. మీ నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు."

నేను జేబులోంచి పెన్ను తీశాను.

"ఇప్పుడెందుకండీ? రాసింది చెరపకూడదన్నది మీరే కదా."

"చెరపడం కాదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది వేసి..."

"ఏం వేస్తారు?"

పెన్ను మూత తీసి ఉంది.  చిక్కుడుకాయలు అయిపోయాయి. మూత పెట్టేశాను.

అమ్మాయి తాను తెచ్చుకున్న ఎలక్ట్రానిక్ కాటాను బల్లమీద పెట్టి, పాపను దాని తొట్టెలో పడుకోబెట్టింది. పాప ఒక పక్కకు ఒరిగింది. అంకెలు పైకీ కిందికీ పరుగెడుతున్నాయి.

"నాన్నా, చెయ్యి తియ్యి. నంబరు నిలబడట్లేదు."

చూసుకుంటే నా ఎడమ అరచెయ్యి పాప వీపు కింద ఉంది. ఎప్పుడు పెట్టానో తెలియదు.

"ఉండనీవే," అంది నా భార్య చేట దులుపుతూ. "ఆ చెయ్యి అక్కడికి చేరడానికి ముప్ఫై నాలుగేళ్ళు పట్టింది."

ముప్ఫై నాలుగు కాదు. ముప్ఫై మూడేళ్ళ ఏడు నెలలు. నోటిదాకా వచ్చింది. మింగేశాను.