నేను చెప్పని గురువారం పాఠాలు

తొమ్మిదేళ్లుగా నా పేరు ముందు డాక్టర్ అని ఉంది. ఆఫీసు కార్డు మీదా, మణికొండలో నేనుండే ఫ్లాటు తలుపు మీదా. ఎవరైనా ఆ మాటతో పిలిచినప్పుడల్లా వెంటనే మాట మారుస్తాను. ఎందుకో మొన్నమొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత దగ్గరగా ఎవరినీ రానివ్వలేదు కూడా. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గచ్చిబౌలిలోని యూనివర్సిటీలో కెమిస్ట్రీ పరిశోధన చేసేదాన్ని. మాది కాకినాడ వైపు. నా పక్క బెంచీ స్వరూపది. వాళ్లది చేవెళ్ల దగ్గర పల్లె. నాన్న కూరగాయలు పండిస్తాడు. ఇద్దరం ఒకే ఏడు చేరాం, హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లం. ఐదో ఏడుతో ఇద్దరి ఫెలోషిప్పూ ఆగిపోతుంది. ఇద్దరి థీసిస్సూ ఇంకా పూర్తికాలేదు. అలాంటివాళ్లలో ఒక్కరికి మాత్రం డిపార్ట్‌మెంటు మరో ఏడాది పొడిగిస్తుంది. ఎవరికన్నది, అప్పగించిన బోధన, ల్యాబు పనులు ఎలా చేశారో చూసి తేలుస్తారు.

నాకు ప్రతి గురువారం మధ్యాహ్నం ఎమ్మెస్సీ పిల్లల ల్యాబ్ తరగతి పడింది. సరిగ్గా అదే సమయానికి స్వరూపకు పరికరాల గది డ్యూటీ. వచ్చినవాళ్లకు తలుపు తీసి, మెషీను నడిపి పెట్టాలి.

నాకు పాఠం చెప్పడం రాదు. మొదటి గురువారం ఒకమ్మాయి, ద్రావణం రంగు ఎందుకు మారిందని అడిగింది. జవాబు తెలుసు. నోరు పెగల్లేదు. వెనక ఎవరో నవ్వారు. గదికొచ్చి ఏడ్చాను.

"గింతదానికే ఏడుస్తవా? ఫికర్ చెయ్యకు, వచ్చేవారం నేను పోత తియ్," అంది స్వరూప.

ఒక్క వారం అనుకున్నది సెమిస్టరంతా సాగింది. ఆమె పరికరాల గదికి తాళం వేసి నా తరగతికి వెళ్లేది. నేను నా ప్రయోగాలు చేసుకునేదాన్ని. ఒకరి బదులు ఒకరు వెళ్లడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి సాయంత్రం రిజిస్టర్లో సంతకం నేనే పెట్టేదాన్ని. తప్పనిపించలేదా? అనిపించింది. పెట్టాను.

పొడిగింపు ఎవరికో తేల్చే వారానికి పిల్లలంతా సెలవులకు వెళ్లిపోయారు. అప్పుడే, గురువారాలు పరికరాల గది మూసి ఉండేదని ఫిర్యాదు వచ్చింది. ఈ పనులు చూసే ప్రొఫెసర్ మొదట స్వరూపను పిలిచారు. తర్వాత నన్ను.

"ఏమ్మా, నీ క్లాసులు తనే చెప్పానంటోంది ఈ అమ్మాయి. రిజిస్టర్లో అన్నీ నీ సంతకాలే. ఏది నిజం?"

స్వరూప నా వైపు తిరిగింది. ఆమె ముఖంలో భయమేమీ లేదు. "సార్‌కు నువ్వే చెప్పు," అంది.

"నా క్లాసులు నేనే తీసుకున్నానండి," అన్నాను.

ఆ మాట భయంలో నోరు జారి వచ్చిందని చాలా ఏళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. నిజం అది కాదు. గది బయట కుర్చీలో కూర్చున్న ఆ పది నిమిషాల్లోనే, ఉన్నదున్నట్టు చెబితే ఇద్దరికీ పోతుంది, కాదని చెబితే నాకు దక్కుతుంది అని లెక్కవేసుకుని, స్పష్టంగా, నెమ్మదిగా, ఒక ప్రయోగానికి సిద్ధమైనట్టే సిద్ధమయ్యాను. ఇద్దరికీ పోతే ఏమయ్యేది? ఇద్దరం కలిసి ఏదో ఒక దారి వెతుక్కునేవాళ్లమేమో. అంతవరకూ ఆలోచించనే లేదు.

స్వరూప వాదించలేదు. బయటికొచ్చాక వరండాలో ఒకే మాట అంది. "నీ సాంపుల్ ఓవెన్ల పెట్టిన. ఆరింది, తీస్కో."

పొడిగింపు నాకొచ్చింది. స్వరూప నెల తిరక్కుండానే చదువు మానేసి వెళ్లిపోయింది. సామాను సర్దుకునే రోజు ల్యాబులో పని ఉందని చెప్పి నేను గది వైపే పోలేదు. తిరిగొచ్చేసరికి ఆమె మంచం మీద పరుపు చుట్టి ఉంది. తర్వాతి ఏడాదంతా మెస్సులో ఒక్కదాన్నే తిన్నాను. థీసిస్‌లో కృతజ్ఞతల పేజీ రాస్తూ మొదట ఆమె పేరే టైపు చేశాను. కాసేపు చూసి చెరిపేశాను.

ఇప్పుడు ఒక మందుల కంపెనీలో పరిశోధన నివేదికలు సరిచూస్తాను. ఆఫీసు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటాను. వారాంతాల్లో ఎవరితోనూ మాట్లాడకుండా రెండు రోజులు గడిచిపోతాయి.

పోయిన నెల మా విభాగంలో ఒకమ్మాయి కొత్తగా చేరింది. భోజనాల దగ్గర నన్ను గుర్తుపట్టింది. "మీరు మా సీనియరే కదా మేడమ్! మా గురువారం ల్యాబు స్వరూపక్క చెప్పేది. నేను ఈ లైన్లకు వచ్చిందే ఆమె వల్ల," అంది. జరిగిందేమీ తనకు తెలియదు. స్వరూప హఫీజ్‌పేట్‌లో ఇంటర్ పిల్లలకు చెబుతోందంటూ, అడక్కుండానే నంబరు ఇచ్చింది.

వారం రోజులు ఆ నంబరు చూస్తూ ఉండిపోయి, ఒక శనివారం మధ్యాహ్నం చేశాను. పేరు చెప్పాను. ఆరోజు అబద్ధమాడానని చెప్పాను. అటువైపు పిల్లల గోల వినిపిస్తోంది.

"అది నాకెందుకు చెప్తున్నవ్? నాకు తెల్వదా?" అంది.

"మరేం చెయ్యమంటావు?"

"తెల్వనోళ్లకు చెప్పు." ఫోను పెట్టేసింది.

డిపార్ట్‌మెంటుకు ఉత్తరం రాశాను. ఆ ప్రొఫెసర్ ఎప్పుడో రిటైరయ్యారు. జవాబు రాలేదు. కొత్తమ్మాయికి చెప్పాను. టిఫిన్ డబ్బా మూసుకుని లేచింది. ఇప్పుడు వేరే బల్ల దగ్గర తింటోంది. తనను తప్పుపట్టను. స్వరూపకు మళ్లీ చెయ్యలేదు. క్షమించమని అడగాలనిపించింది, కానీ అడిగి ఆమెను ఇంకో సాయం చెయ్యమనడం ఏం న్యాయం?

ఇక మిగిలింది మీరు. మీకూ తెలియదు కదా. ఆ సెమిస్టరులో మొదటి వారం తప్ప, గురువారం పాఠాలన్నీ స్వరూప చెప్పింది. వాటి కింద సంతకాలు నావి. ఈ రెండు వాక్యాలూ ఇంత సూటిగా పక్కపక్కన రాయడం ఇదే మొదటిసారి.