గార్డు పెట్టెగా పరిగెత్తిన పూట

శ్రావణమాసం, రెండో మంగళవారం, పగలు పదకొండుంపావు. సంవత్సరం మాత్రం అడక్కండి, అరవైల్లో ఏదో ఒకటి. అప్పటికి నాకు కేలెండరంటే గోడకి వేలాడే దేవుడి బొమ్మ, అంతే. వారం ఎలా గుర్తుందంటే, ఆ సాయంత్రం మంగళగౌరి నోముకి పక్క క్వార్టరువాళ్లు పిలిచారు. వేళ ఎలా గుర్తుందంటే, ఇంకో పావుగంటలో మా ఆయన పనిచేసే రైల్వే వర్క్‌షాపులో అన్నాల సైరన్ కూస్తుంది, కూసేలోగా నేను ఇంట్లో ఉండాలి. ఇదంతా ఇప్పుడెందుకు కెలుక్కున్నానంటే, నిన్న మా మునిమనవడు నా పక్కన కూర్చుని ఫోనులో అక్షరాలు నొక్కుతున్నాడు. వాడు ఒకటి నొక్కితే అదే చదివి, అదే చప్పట్లు కొడుతోంది. తప్పు నొక్కినా చప్పట్లే! నాకు ఒళ్లు మండి లేచి వెళ్లిపోయాను. లేచాక ఎక్కడికి వెళ్లాలో తోచలేదు. నాకు ఆ రోజులనించీ అంతే, కాలు ఒకచోట నిలవదు.

శ్రీకాకుళం పక్కనించి ఖరగ్‌పూర్‌కి కాపరానికి వచ్చినప్పుడు నాకు వేలిముద్ర తప్ప ఏమీ రాదు. న్యూ సెటిల్‌మెంట్‌లో మా క్వార్టరు, దాని వెనక లైనులోనే తెలుగు బడి. పెద్దపిల్లకి అయిదేళ్లు రాగానే ఒకటో తరగతిలో వేశాం. అది నా కొంగు వదిలితేనా? గుమ్మం దగ్గర పడి దొర్లి ఏడ్చింది. మా అత్తగారే, "అలవాటు పడీదాకా నువ్వూ కూకోయే, ఏటైపోద్ది" అని పంపింది. అలా వెనక గోడకి ఆనుకుని, చాప చివర కూర్చున్నాను. పిల్ల నాలుగు రోజుల్లో అలవాటు పడిపోయింది, వెనక్కి తిరిగి చూడటం కూడా మానేసింది. అలవాటు పడనిది నేను. టీచరమ్మ చింతపిక్కలు పోసి నేలమీద అక్షరం పేర్పిస్తుంటే నా వేళ్లు దురద పెట్టేవి. ఒకరోజు ఆవిడ ఒక గుప్పెడు పిక్కలు నా ముందు కూడా పోసి వెళ్లింది.

విజయనగరం మనిషి, సన్నగా, నీరుకావి చీరలో ఉండేది. బెత్తం పట్టుకోదు, గొంతూ పెంచదు. అక్షరాలు నాకు బాగానే పట్టుబడ్డాయి. దేన్ని చూపించినా టక్కున చెప్పేదాన్ని. కాని రెండు పక్కపక్కన పెడితే అవి రెండే, మాట అయ్యేవి కావు. యార్డులో గొలుసులు ఊడదీసి వదిలేసిన పెట్టెల్లాగ ఎక్కడివక్కడే. పిల్లలకి మాటలు కలపడం మధ్యాహ్నం పూట నేర్పేవారు, అప్పుడు నేను ఇంట్లో మా ఆయనకి అన్నం వడ్డిస్తూ ఉండేదాన్ని. పొద్దున్న కూర్చున్నంతసేపూ ఒక చెవి సైరన్ మీదే. పొయ్యిమీద పప్పు మాడుతోందేమో, పాలవాడు వచ్చాడేమో, ఎండేసిన బట్టలమీద వాన పడుతోందేమో. సగం లేచి, సగం కూర్చుని చదివిన చదువు నాది.

సోమవారం సాయంత్రం మా అత్తగారు మనవరాల్ని దగ్గరికి లాక్కుంది.

"ఒలే గుంటా, ఇయాల ఏడ్సినావా?"

"నాను ఏడవనేదు నానమ్మా. అమ్మ ఏడ్సింది."

"అమ్మెందుకేడ్సింది?"

"దానికి రాలేదు మరి!"

అబద్ధమా అంటే కాదు. పలక మీద ఎదురుగా ఉన్న మాట నోటికి రాక కొంగుతో ముక్కు తుడుచుకున్నాను, అది చూసింది. అత్తగారు నా వైపు తిరిగి, "గుంటకి అలవాటైపోనాది గదా, ఇంక నీకేటి పని అక్కడ? రేపొక్కరోజు. ఎల్లుండినించి ఇంటికాడుండు" అంది. కోపంగా కూడా అనలేదు, బియ్యంలో రాయి తీసి పారేసినంత తేలిగ్గా అంది. రాత్రంతా అటూ ఇటూ దొర్లాను. ఒక్కటి, ఒక్క మాట చదివి మానేసినా బాధ లేదు. ఒక్కటీ చదవకుండా మానేయడమేమిటి?

పొద్దున్నే టీచరమ్మకి చెప్పాను. ఆవిడ అక్షరాల పాఠం ముగించి, పదకొండుంపావుకి పిల్లల్ని లెమ్మంది. "మధ్యాహ్నం ఆడే రైలాట ఇవాళ ఇప్పుడే. రండమ్మా, మీరూనూ."

ఆట ఏమిటంటే, అక్షరం రాసిన పలకకి జనపతాడు కట్టి మెడలో వేసుకోవాలి, ముందువాడి భుజం పట్టుకోవాలి, ఎవరి అక్షరం వాళ్లు అరుస్తూ కదలాలి. డ్రైవరుగారి అబ్బాయి ఇంజను, వాడిది ప. వాడి వెనక మా పిల్ల, దానిది డ. ఆఖర్న గార్డు పెట్టెని నేను, నాది వ. పెళ్లయి, పిల్లని కన్నదాన్ని, మెడలో పుస్తెలమీద పలక! గేటు దగ్గర ఝాల్‌మురి, అదే కారం మరమరాలు, అమ్మే బెంగాలీ దాదా పడి పడి నవ్వాడు. "ఓ దీదీ, గాడీ కోథాయ్ జాబే?" అన్నాడు, బండి ఎక్కడికమ్మా అని.

మంచినీళ్ల కుళాయి చుట్టూ మొదటి చుట్టు తిరిగాం. ప. డ. వ. ఎవరి గోల వాళ్లది. "ఇంకొంచెం జోరుగా" అంది టీచరమ్మ. రెండో చుట్టులో సైరన్ కూసింది. నా కాళ్లు గేటువైపు తిరిగిపోయాయి, చేతులు మాత్రం పిల్ల భుజాలమీదే ఉన్నాయి. "బండి ఆగకూడదు!" అని ఆవిడ మొదటిసారి గొంతు పెంచింది. మా ఆయన సైకిలు ఈపాటికి లైను మలుపు తిరిగి ఉంటుంది. కంచం పెట్టలేదు, నీళ్లు పెట్టలేదు. ఆలోచిస్తూనే పరిగెత్తాను, అరుస్తూనే పరిగెత్తాను. పదో చుట్టో పదిహేనో చుట్టో, గేటు దగ్గర మా అత్తగారు.

"ఓలమ్మో! ఏటే ఈ వేసం! ఆడొచ్చి కూకున్నాడు, ఆగవే!"

ఆగలేకపోయాను. సరిగ్గా అప్పుడే, ముందున్న గొంతులు నా గొంతులోకి వచ్చి గుద్దుకున్నాయి. పడవ. మూడు అరుపులు కావు, ఒక్క మాట. నీళ్లమీద పోయే పడవ!

టీచరమ్మ వదల్లేదు. ఇంజనుని పక్కకి తీసి, నన్ను ముందుకి లాగి మా పిల్లని నా వెనక నిలబెట్టింది. "ఎవరూ చెప్పకండి. ఇప్పుడేమిటి?" నా పలక చూసుకున్నాను, దాని పలక చూశాను. పెదవులు కూడదీసుకుని అన్నాను, "వడ."

"వడా?" అంది అత్తగారు. "ఇంటికాడ మొగుడికి అన్నం నేదు, ఈవిడికి వడ కావాల!"

బడంతా నవ్వు. అత్తగారు నవ్వలేదు. గేటు దాటి లోపలికి వచ్చి, మా మెడల్లో పలకలు ఒకటొకటీ తడిమి చూసింది. తరవాత టీచరమ్మతో మెల్లిగా అడిగింది, "నా పేరు ఎన్ని పెట్టెలమ్మా?"

పేరేమిటని టీచరమ్మ నన్నడిగింది. అత్తగారి పేరు కోడలు నోటితో అంటుందా? తల దించుకున్నాను. మా పిల్ల మాత్రం ఊరంతా వినేలా నానమ్మ పేరు అరిచింది. నా అదృష్టం, గుడులూ కొమ్ములూ లేని పేరు. ముగ్గురు పిల్లలు మూడు పలకలతో వరసన నిలబడ్డారు. పైకి అనకుండా చదివాను. అందరూ నన్నే చూస్తున్నారు. అత్తగారూ చూసింది, నాకు వచ్చిందని నా మొహంలో కనిపెట్టింది. "రేపటినించి ఆడికి అన్నం నానే ఎడతాన్లే" అని గేటువైపు నడిచింది. ఆ పూట మా ఆయన తనే వడ్డించుకుని తిన్నాడట. ఏం, చావలేదు.

ఇన్నేళ్లూ నన్ను తరుముతూనే ఉన్న కాలం ఆ కుళాయి దగ్గర మాత్రం కాసేపు ఆగింది, అందుకని అక్కడున్నవాళ్లందరినీ చెప్పి ముగిస్తాను. నీరుకావి చీర టీచరమ్మ, ఇంజనైన డ్రైవరుగారి అబ్బాయి, పేరుకి పెట్టెలైన ముగ్గురు, నవ్విన మిగతా పిల్లలు, గేటు దగ్గర ఝాల్‌మురి దాదా, మా పెద్దపిల్ల, నేను. ఇంకా మా అత్తగారు. ఆవిడ పేరు మూడు పెట్టెలు. ఆవిడ పోయి ఇన్నేళ్లయినా నోటితో అనలేదు, చదవడమే.