ఎల్లస్వామి కడిగిన గ్లాసు

ఎల్లస్వామికి కుదురు లేదు. నేను ఎరిగినప్పటి నుంచీ అంతే. బడిలో పలక మీద అక్షరం దిద్దుతూ కూడా కాలు ఊపేవాడు. బస్సు కోసం నిలబడితే రోడ్డు మీద ఇటు పదడుగులు, అటు పదడుగులు. "ఓరి నీ కాళ్ళు విరగ, ఒక్కదిక్కు నిలబడరాదురా!" అని నేను తిట్టేవాణ్ణి. వాడు నవ్వేవాడు, మళ్ళీ తిరిగేవాడు.

1979 మార్చిలో మాత్రం ఆ తిరుగుడుకు కారణం ఉంది. ఉగాది వారంలోకి వచ్చేసింది. తొర్రూరు పక్కన మా ఊళ్ళో జీతగాళ్ళు ఉగాదికే కుదురుతారు. ఆ రోజు పటేలు వాకిట్లో నిలబడి ఊఁ అన్నామంటే మళ్ళీ ఉగాది దాకా మన పొద్దు మనది కాదు. ఎడ్లు, పేడ, నాగలి, చేను కావలి. ఎల్లస్వామి ఆరేళ్ళు ఆ జీతం చేశాడు. భార్య యాకమ్మకు అప్పుడు ఏడో నెల. "ఈ ఉగాదికి నేను పటేలు వాకిట్ల నిలబడ. వరంగల్ల ఏదన్న పని పట్టుకుంట" అని ఆమె చేతిలో చెయ్యి వేసి చెప్పాడు.

నాకంత గండం లేదు. మాది గొల్లోళ్ళ ఇల్లు, ఊరి నడుమ. వాళ్ళది ఊరి చివర మాదిగవాడ. ఇద్దరం ఒకే బడిలో ఏడో తరగతి దాకా చదివాం. ఆ ఏడు వానల్లేక మా గొర్లు బక్కచిక్కిపోయాయి, మా నాయన నన్ను చూస్తేనే కస్సుమంటున్నాడు. వాడు పోతానంటే నేనూ తోక పట్టుకున్నాను.

దారి చూపించింది ఎల్లస్వామి మేనమామ సుందర్ రావు. ఆయన క్రైస్తవం పుచ్చుకుని కాజీపేటలో ఉండేవాడు, రైల్వే క్యాంటీన్లో బేరర్. వరంగల్ స్టేషన్ రోడ్డులో కొత్త హోటల్ తెరుస్తున్నారని, ఇద్దరు సర్వర్లు కావాలని, ఇంటర్వ్యూ ఉంటుందని కబురు పంపాడు. ఇడ్లీలు పెట్టేదానికి ఇంటర్వ్యూ ఏమిటని నాకు నవ్వొచ్చింది. రెండు రోజుల ముందే కాజీపేట వెళ్ళి ఆయన ఇంట్లో దిగాం.

"నవ్వుతానవా? అక్కడ నవ్వు ఎల్లదు" అన్నాడు సుందర్ రావు నాతో. "మొదాలు గోర్లు సూస్తడు. తర్వాత చెవుల ఎన్క సూస్తడు. నాలుగు గ్లాసుల నీళ్ళు ఒక్కసారే తెమ్మంటడు. వేళ్ళు లోపల ముంచినవంటే సీదా ఇంటికే. ఏమేం ఉన్నయని అడిగితే ఆగకుండ చెప్పాలె. గిరాకి తిడితే ఏం జేస్తవంటడు. 'ఇప్పుడే మార్చి తెస్త సార్' అను. నవ్వినవనుకో, గిరాకికి ఇంకా మండుతది."

ఎల్లస్వామి గది ఇటు నుంచి అటు తిరుగుతూ వింటున్నాడు. "మామా, ఎవలోళ్ళని అడిగితే?"

సుందర్ రావు బీడీ ఆర్పేసి, మళ్ళీ వెలిగించుకున్నాడు. "పట్నంల అడుగరు బిడ్డా. జర ధైర్యంగుండు."

ఆ రెండు రోజులూ ఆ ఇల్లే హోటల్ అయిపోయింది. నేను గిరాకిని, ఎల్లస్వామి సర్వర్. మణికట్టు నుంచి మోచేయి దాకా ఒకదాని పక్కన ఒకటి ఆరు కప్పులు పేర్చుకుని నడిచేవాడు. రెండు పగిలాయి. "అయ్యో, నా కప్పులన్నీ ఖతం చేస్తాండు ఈ పిలగాడు!" అని సుందర్ రావు భార్య రత్నమ్మ అత్త మొత్తుకుంటూనే, ఉన్న మిగతా కప్పులు కూడా తెచ్చి ఇచ్చింది. రెండో పొద్దుకి వాడి చేతి మీద కప్పు కదిలితే ఒట్టు. నాకు నాలుగుకు మించి నిలవలేదు.

ఇంటర్వ్యూ రోజు ఎల్లస్వామి, మామ దగ్గర అడిగి తీసుకున్న తెల్లచొక్కా వేసుకున్నాడు. హోటల్లో ఇంకా సున్నం వాసన పోలేదు. పదకొండు మందిమి గోడ వారగా నిలబడ్డాం. కౌంటర్ వెనక యజమాని రాజేశ్వర్ రావు, పక్కన పెద్ద సర్వర్ రాజమల్లు. సుందర్ రావు చెప్పింది చెప్పినట్టు జరిగింది. గోళ్ళు చూశారు. నీళ్ళ గ్లాసులు తెమ్మన్నారు, నలుగురు వేళ్ళు ముంచి ఇంటికి పోయారు. తిట్టే గిరాకి సంగతి అడిగారు. "నేను కూడ తిడ్త" అన్నాడొకడు పాపం, వాణ్ణీ పంపేశారు.

ఎల్లస్వామి వంతు వచ్చింది. ఇడ్లీ, వడ, ఉప్మా, పూరి, సాదా దోశ, మసాలా దోశ అంటూ గుక్క తిప్పుకోకుండా చదివాడు. ఆరు కప్పులు చేతి మీద పేర్చి, బల్లల మధ్య నుంచి తిరిగొచ్చాడు. రాజమల్లు నోరు తెరిచాడు. "అబ్బో! యాడ నేర్చినవ్ రా?" అని యజమాని కూడా నవ్వాడు.

చివరికి మేమిద్దరమే మిగిలాం. ఇద్దరే కావాలి, ఇద్దరమే ఉన్నాం. నా గుండె గంతులేసింది. "కూసోండ్రి, చాయ్ తాగుండ్రి. రేపట్నించి ఎవలు ఏ టైముకు రావాల్నో చెప్త" అన్నాడు రాజేశ్వర్ రావు. రాజమల్లు రెండు గ్లాసులు తెచ్చి మా ముందు పెట్టాడు.

తాగాం. నేను గ్లాసు బల్ల మీద పెట్టి మూతి తుడుచుకున్నాను. ఎల్లస్వామి లేచాడు. గ్లాసు పట్టుకుని వెనక నల్లా దగ్గరికి వెళ్ళాడు, కడిగాడు. మిగతా గ్లాసులున్న బల్ల మీద పెట్టలేదు. దూరంగా గోడ మూలకు వెళ్ళి, అక్కడ నేల మీద బోర్లించి వచ్చి కూర్చున్నాడు.

మా ఊళ్ళో రోడ్డు పక్క చాయ్ హోటల్ ఒకటుంది. నా గ్లాసు ఎక్కడ తాగితే అక్కడే వదిలేసి లేస్తాను. మాదిగవాడ వాళ్ళ గ్లాసులు బయట గోడ గూట్లో ఉంటాయి. వాళ్ళే తీసుకోవాలి, పైనుంచి పోస్తే తాగాలి, కడిగి మళ్ళీ గూట్లో బోర్లించాలి. పదిహేనేళ్ళు పక్కపక్కన చాయ్ తాగాం, నేనెప్పుడూ దాని గురించి ఒక్క మాట అనుకోలేదు. నా సిగ్గులేనితనం అది, దాచుకుని ఏం లాభం.

రాజేశ్వర్ రావు ఆ మూల చూశాడు. గ్లాసు చూశాడు. నవ్వు పోయింది.

"ఏ ఊరంటివి?"

"తొర్రూరు దగ్గర సార్."

"సరే. ఉత్తరం రాస్తం, పో." తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు రేపు పొద్దుగాల అయిదింటికి రా."

ఒక్క మాట చాలు. "వానికి శుభ్రం ఎక్కువ సార్" అని నేను అబద్ధమాడితే సరిపోయేదేమో. నా నౌకరి నాకు దొరికింది కదా!

స్టేషన్ ముందు రోడ్డు మీద ఎల్లస్వామి నాకు నాలుగడుగులు ముందు నడుస్తున్నాడు, మళ్ళీ వెనక్కొస్తున్నాడు. "కప్పులు ఊగినయా? ఉప్మా మర్సిపోయిన్నా? మంచిగనే నవ్విండు కద గోపాలూ, ఏమైంది మధ్యల? ఉత్తరం అన్నడు, మరి నా పత్తా రాసుకోకపాయె." నేను భూమిలోకి చూస్తూ నడిచాను. చెప్పాలి. చెప్పలేను.

బస్టాండు దగ్గర బండి మీద చాయ్ చెప్పాడు. నిలబడే తాగాడు. తాగి, గ్లాసు పట్టుకుని నీళ్ళ బకెట్ వైపు మూడడుగులు వేసి ఆగిపోయాడు. చేతిలో గ్లాసును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గ్లాసు" అన్నాడు. "గ్లాసు, గోపాలూ!"

నేను తల వంచుకున్నాను.

"సూసినవా నువ్వు?"

"సూసిన."

"మరి ఆపకపోతివి." గ్లాసు నా మొహం ముందు పట్టాడు. "నేను కడిగిన్నని నాకు తెల్వనే తెల్వదురా. చెయ్యే లేసింది, చెయ్యే కడిగింది. మామ అన్నీ చెప్పిండు, ఇదొక్కటి చెప్పకపాయె." ఆ గ్లాసు బండి మీద ఠక్కున పెట్టి, నా వైపు చూడకుండా కాజీపేట దారి పట్టాడు.

మర్నాడు అయిదింటికి నేను నౌకరికి పోయాను. సిగ్గు లేదా అంటే ఉంది. ఉన్నా పోయాను. ఆ రోజూ, తర్వాతి రోజూ ఎవరి ముందు చాయ్ పెట్టినా వేళ్ళు కాలినట్టే ఉండేది.

ఉగాది రేపనగా సాయంత్రం హోటల్ కిటకిటలాడుతోంది. ఎల్లస్వామి లోపలికొచ్చాడు. అదే తెల్లచొక్కా. సరిగ్గా కౌంటర్ ఎదురుగా ఉన్న బల్ల దగ్గర కూర్చున్నాడు. "ఒక చాయ్" అన్నాడు, నాతోనే, గట్టిగా.

నేను తెచ్చి పెట్టాను. రాజేశ్వర్ రావు చూస్తున్నాడు. రాజమల్లు దోశల పళ్ళెం చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ఎల్లస్వామి మెల్లగా తాగాడు. ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. బల్ల కింద వాడి మోకాళ్ళు ఊగిపోతున్నాయి. చెయ్యి గ్లాసు దాకా వెళ్ళింది, వెనక్కొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళోకి లాక్కున్నాడు. మొహమంతా చెమట. లేవరా, పోరా అని నేను లోపల్లోపల మొత్తుకుంటున్నాను.

లేచాడు. "గోపాలూ, గ్లాసు తియ్యి" అని నాకు చెప్పి, కౌంటర్లో డబ్బులిచ్చి, వెనక్కి తిరిగి చూడకుండా బయటికి నడిచాడు.

గ్లాసు తీశాను. "అది పక్కకు పెట్టు" అన్నాడు యజమాని చిన్నగా. నేను నల్లా కింద కడిగాను. తీసుకెళ్ళి బల్ల మీద బోర్లించిన నలభై గ్లాసుల నడుమ పెట్టి, చేత్తో అన్నిటినీ ఒకసారి కలియబెట్టాను.

"ఏదిరా అది?"

"ఏమో సార్. నాకేం ఎరుక."

రాజేశ్వర్ రావు ఆ నలభై గ్లాసుల్నీ చూశాడు. మొహం కందిపోయింది. "రేపట్నించి రాకు" అన్నాడు. సరే అని భుజం మీది గుడ్డ అక్కడే పడేశాను. గుమ్మం దగ్గర రాజమల్లు నన్ను రాసుకుంటూ పోయి, "హన్మకొండ చౌరస్తా కాడ లాడ్జిల మనుషులు కావాల్నట. నేను చెప్పిన్నని చెప్పు" అని గొణిగాడు.

ఎల్లస్వామి రోడ్డవతల రిక్షాల మధ్య తిరుగుతున్నాడు. "తీసినవా?"

"తీసిన. నన్ను గూడ పొమ్మన్నడు."

"అరె, నీకేమొచ్చెరా!"

"నోర్ముయ్యి. హన్మకొండకు నడువ్, ఇంకో ఇంటర్వ్యూ ఉన్నది."

బస్సు కోసం నిలబడలేకపోయాడు. నడిచే వెళ్ళాం. లాడ్జి మేనేజర్ ముసలాయన. గోళ్ళు చూశాడు, కప్పులు మోయించాడు, చాయ్ తెప్పించాడు. ఎల్లస్వామి తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ తొడల కింద అదిమి పెట్టుకుని కూర్చున్నాడు. "ఏం పిల్లగా, చలి పెడతాందా?" అని అడిగాడు మేనేజర్. "లేదు సార్" అన్నాడు. ఉగాది పొద్దున పటేలు వాకిట్లో ఎల్లస్వామి లేడు. లాడ్జి భోజనాల హాల్లో బల్లలు తుడుస్తున్నాడు, పక్కన నేనూ.

ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు ఆ హాలుకి వాడే పెద్ద సర్వర్. యాకమ్మ, ఇద్దరు పిల్లలు హన్మకొండలోనే ఉన్నారు. పొద్దున్నుంచి పడుకునే దాకా వాడి కాలు ఒకచోట నిలవదు, నా తిట్లూ ఆగలేదు. సాయంత్రం గిరాకి పల్చబడ్డాక ఇద్దరం ఒక మూల బల్ల దగ్గర చాయ్ తాగుతాం. తాగడం అయిపోగానే వాడి చేతులు ఇప్పటికీ తొడల కిందికి పోతాయి. ఆ కాసేపు వాడు కదలడు. నేను లేచి వాడి గ్లాసు తీస్తాను.